పోయినోడి ఇల్లు

మా వూళ్ళో ఒకాయన్ని అందరూ 'పోయినోడు' అని పిలిచేవాళ్ళు. పోయినోడంటే చచ్చిపోయినవాడు. ఆయన మాత్రం బతికే వున్నాడు. పొద్దున్నే కాలువ గట్టున వేపపుల్లతో పళ్ళు తోముకునేవాడు, బీడీ కాల్చుకునేవాడు, బస్సు వస్తే కర్ర ఆనించుకుని లేచి నిలబడేవాడు. అయినా "పోయినోడు ఇట్టా వచ్చినాడా?" అనీ, "పోయినోడికి ఇంత మజ్జిగ పొయ్యండి" అనీ ఆడా మగా, పిల్లా జెల్లా అంతా అనేవాళ్ళు. ఒక్కరికీ నాలుక తడబడేది కాదు. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒంటిమీద గొంగళిపురుగు పాకినట్టు వుంటుంది.

నేను ఆ వూరికి కోడలిగా వచ్చింది యాభైల చివర్లో. నెల్లూరు జిల్లాలో విడవలూరు దాటి సముద్రం వైపు పోతే ముందు వరిపొలాలు, తర్వాత సరుగుడు తోటలు, ఆ తర్వాత ఇసుక, ఇసుకలో పల్లెపాలెం, ఆ పైన సముద్రం. వరిపొలాలు అయిపోయే చోట మా వూరు. మా మామ పంచాయతీ ప్రెసిడెంటు. ఇంట్లో అత్త, మామ, నా భర్త, మామ తమ్ముడు, ఆ తమ్ముడి భార్య. తమ్ముణ్ణి చిన్నమామ అనీ, ఆయన భార్యను చిన్నత్త అనీ పిలిచేదాన్ని. ఇల్లు పెద్దదే. కానీ చిన్నమామకు మాత్రం ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. వేరు కాపురం కావాలని అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా మొగుడూ పెళ్ళాలిద్దరూ సణిగేవాళ్ళు. ఈ సణుగుడు సంగతి కాస్త గుర్తుంచుకోండి.

పోయినోడు వుండేది బస్సు ఆగే చోట వున్న చలివేంద్రం పాకలో. ఎండాకాలంలో దారిన పోయేవాళ్ళకు మంచినీళ్ళు, మజ్జిగ ఇవ్వడానికి మా మామ పేరు మీద వేసిన తాటాకుల పాక అది. మిగతా కాలమంతా ఖాళీగానే వుంటుంది. ఉగాది దాటగానే పాకలోకి కొత్త కుండలు వచ్చేవి, ఆయన బయటికి వచ్చేవాడు. ఆయన ముఖం చూసి జనం నీళ్ళు తాగరట. పుణ్యం కోసమని ఒక మనిషిని ఎండలోకి తోసి, ఎండన పడి వచ్చినవాళ్ళకు నీళ్ళు పొయ్యడం మా వూరివాళ్ళకే చెల్లింది. ఎండాకాలమంతా ఆయన ఎక్కడ పడుకుంటాడని ఎవరూ అడగలేదు. సరుగుడు తోటల్లో పడుకునేవాడని నాకు చాలా తర్వాత తెలిసింది.

ఆయన కథ నాకు చెప్పింది మా ఇంటికి చేపలు తెచ్చే ఆమె. పరాయి మనిషి కాదు, ఆయనకు సొంత వదిన. పెరట్లో కూర్చుని కానాగంత చేపలు శుభ్రం చేస్తూ, ఎవరో ఊరి బయటి మనిషి సంగతి చెప్పినట్టు చెప్పుకుపోయింది.

పెద్ద యుద్ధం రోజుల్లో పడవ నడపడం వచ్చినవాళ్ళు కావాలని మిలిటరీవాళ్ళు అడిగితే, ఆమె మరిది పేరు రాయించుకుని పోయాడు. బర్మా వైపు పంపారు. కొన్నాళ్ళు కబురు వచ్చింది, తర్వాత రాలేదు. తల్లి ఉండబట్టలేక సోది చెప్పించుకుంది. సోది చెప్పే ఆమె చాటలో బియ్యం పోసుకుని, కళ్ళు మూసుకుని, కొడుకు గొంతుతో పలికిందట: "అమ్మా, నేను నీళ్ళల్లో ఉండానే. చలేస్తా ఉందే." సోదిలో పలికేది చచ్చినవాళ్ళేనని అందరి నమ్మకం. పడవల మీద పనిచేసే మనిషి నీళ్ళల్లో కాక కొండమీద వుంటాడా? ఆ ఆలోచన ఆ పాలెం మొత్తంలో ఒక్క బుర్రకు తట్టలేదు. సముద్రం ఒడ్డున కర్మ చేసేశారు. అన్న గుండు చేయించుకుని పిండం పెట్టాడు.

"కాకి గూడా ముట్టిందమ్మా," అంది ఆమె, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు.

యుద్ధం అయిపోయిన తర్వాత ఒకరోజు చచ్చినవాడు కర్ర పొడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. ఒక కాలు మోకాలి కింద లేదు. తల్లి కేక పెట్టి పడిపోయిందట. తేరుకున్నాక విస్తట్లో అన్నం పెట్టి, తాను లోపలే వుండి, గడప మీదుగా బయటికి జరిపిందట. కన్నతల్లి. ఆ ఏడే ఆమె మంచాన పడి పోయింది. పోయినోడు వచ్చి తల్లిని పిలుచుకుపోయినాడు అన్నారు. ఇక అన్న తలుపు తీయలేదు. పిండం తిన్నవాడు గడప తొక్కితే ఇంట్లో ఇంకొకరు పోతారట.

దీనికి విరుగుడేమీ లేదా అని అడిగాను. లేకేం, వుందట. పంతులు ఎప్పుడో చెప్పాడట. ఆయన్ని మళ్ళీ పుట్టినట్టు చేసి, పురిటినీళ్ళు పోసి, కొత్తగా పేరు పెట్టి, అప్పుడు ఇంట్లోకి తీసుకోవచ్చునట.

"మరి చెయ్యలేదే?" అన్నాను.

"చెయ్యాలమ్మా. తీరిక ఉండొద్దా?" అంది, ఇంకో చేప తల కోస్తూ.

అప్పటికి ఆయన వచ్చి పన్నెండేళ్ళు దాటింది. ఇంటిస్థలంలో, పడవలో తమ్ముడి వంతు కూడా అన్నే అనుభవిస్తున్నాడు. ఇక తీరిక ఎందుకుంటుంది? ఆ పూట చేపలపులుసు నోట్లో పెట్టుకోలేకపోయాను. అందరూ నేను నెల తప్పాననుకున్నారు.

తర్వాత్తర్వాత ఆయనే మజ్జిగ కోసం మా పెరటి వైపు వచ్చేవాడు. దొడ్డి గోడ బయట నిలబడి సత్తు గిన్నె గోడమీద పెట్టేవాడు. మొదటిసారి "ఏమన్నా, బాగుండావా?" అన్నాను. మా అత్త వచ్చి నా మోచెయ్యి గిల్లింది. పాలెం మనిషిని, అందులోనూ పోయినోణ్ణి, అన్నా అంటావా అని. మరి ఏమని పిలవాలి, పోయినోడా అని పిలవాలా అన్నాను. నేను అన్నా అనే పిలిచాను. ఆమె గిల్లుతూనే వుంది.

మనిషి సరదా అయినవాడు. మిలిటరీ వదిలి వచ్చేటప్పుడు నెల్లూరులో రైలు దిగి, ఆకలితో నకనకలాడుతూ నడుస్తుంటే 'మిలిటరీ హోటలు' అని బోర్డు కనపడిందట. మాంసం దొరికే హోటలుకు మన వైపు ఆ పేరు పెడతారని ఆయనకు తెలియదు. మనవాళ్ళదే, అన్నం పెడతారు అనుకుని గుమ్మంలో నిలబడి గల్లాపెట్టె దగ్గరాయనకు సెల్యూట్ కొట్టాడట. "ఆయన తిరిగి సెల్యూట్ కొట్టి, బయటికి దారి చూపించినాడమ్మా," అని పడీపడీ నవ్వేవాడు. నాకూ నవ్వొచ్చేది.

ఒకసారి అడిగాను, ఏం కావాలన్నా నీకు అని. చీరా సారే అడిగినట్టు సిగ్గుపడ్డాడు.

"గడప గావాలమ్మా. పాకకి గడప లేదు గదా. గడప ఉండే ఇల్లయితే, దాటి లోపలికి పోయినాననీ, దాటి బయటికి వచ్చినాననీ ఉంటాది. ఇట్టా ఉంటే యాడ ఉండానో నాకే తెలవదు."

ఆ మాట నేను ఇంట్లో చెప్పాను. చిన్నమామ పగలబడి నవ్వాడు. నా భర్త పేపరు మడిచి ఇంకో పేజీ తిప్పాడు.

అరవై రెండులో చైనావాళ్ళతో యుద్ధం వచ్చింది. ఎక్కడి హిమాలయాలు, ఎక్కడి మా ఇసుక దిబ్బలు! అయినా మా వూరికి ఒక్కసారిగా దేశభక్తి పూనింది. మైకులు, ఊరేగింపులు, చందాలు. గాజులు తీసి ఇచ్చే ఆడవాళ్ళు నిజంగానే ఇచ్చారు, అది కాదనను. నెల్లూరు నుంచి ఒక పెద్ద అధికారి సభకు వస్తున్నాడని తెలిసి, ఆయనకు చూపించడానికి మన వూళ్ళో ఏముందా అని మా మామ తల పట్టుకుని కూర్చున్నాడు. ఎవరో అన్నారు, మనకొక సోల్జరు ఉండాడు గదా అని. ఎవరబ్బా అని అందరూ ఒక నిమిషం ఆలోచించారు. అంతమంది వున్నారు, ఒక్కరికీ వెంటనే గుర్తు రాలేదు.

చలివేంద్రం పాకలోంచి ఆయన్ని తీసుకొచ్చి, కాలువలో ముంచి తీసి, గడ్డం గీయించి, మా మామ పాత కోటు తొడిగారు. వేదిక మీద కుర్చీ వేశారు. దండ వేశారు. నిన్నటిదాకా ఆయన నీడ పడితే నీళ్ళు పారబోసిన చేతులే వేశాయి ఆ దండ. శత్రువుల గుండు తగిలి కాలు పోగొట్టుకున్న వీరుడు అని మా మామ మైకులో గొంతు చించుకున్నాడు. పోయినోడు కుర్చీలోంచి లేచి మైకు దగ్గరికి వంగాడు.

"గుండు గాదయ్యా. పడవలో బియ్యం మూటలు జారి మీద పడినాయి."

జనం గొల్లుమన్నారు. మైకు లాక్కున్నారు. అధికారి నవ్వు ఆపుకుంటూ, ఈయనకు ఇల్లుందా అని అడిగాడు. సభ సద్దుమణిగింది. మా మామ చటుక్కున, కట్టిస్తున్నామండీ, వచ్చేనెల గృహప్రవేశానికి తమరే రావాలి అన్నాడు. అట్లా పుట్టింది ఆ ఇల్లు. ఒకాయన ముందు పరువు దక్కించుకోవడానికి నోట్లోంచి ఊడిపడ్డ ఇల్లు.

కానీ కట్టారు. బస్సు ఆగే చోటికి కాస్త ఇవతల, ఊరి ఉమ్మడి స్థలంలో, ఒక గది, వంటకు చిన్న అర, ముందు వసారా, పైన పెంకులు. ఊళ్ళో తలా ఒక చెయ్యి వేశారు. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఆయనే. ఒంటికాలితోనే దగ్గరుండి మట్టి తొక్కించాడు, ఇటుకలు అందించాడు, పెంకులు తడిపాడు. గడప దగ్గరికి వచ్చేసరికి వడ్రంగితో పేచీ పెట్టుకున్నాడు. వేపచెక్క తెస్తే వద్దన్నాడు. పాలేనికి పోయి, ఇంటి బయటే నిలబడి, నా వంతు పడవలో ఒక పలక ఇయ్యి, ఇంకేమీ అడగను అని అన్నను అడిగాడట. పాతపడవ ఒకటి విప్పేసి వుంటే అందులోంచి ఒక పలక విసిరేశాడు అన్న. ఆ పలకను ఆయనే చెక్కి, నూనె పట్టించి, గడపగా పెట్టించాడు.

పడవచెక్క గడపకు పనికిరాదని వడ్రంగి గొణుగుతుంటే, "ఇన్నేళ్ళు నీళ్ళల్లో ఉంది, మునగలేదు. నేనూ అంతే గదయ్యా," అన్నాడు.

గడపకు పసుపు రాసిపెట్టమని నన్ను అడిగాడు. రాశాను, బొట్లు పెట్టాను. ఆ రోజు ఆయన ముఖం చూస్తే నాకు వాళ్ళందరి మీదా కోపం పోయింది. అంత వెర్రిదాన్ని.

గృహప్రవేశం ముందురోజు సాయంత్రం పంతులు మా అరుగు మీద కూర్చుని పేచీ మొదలుపెట్టాడు. కొత్త ఇంట్లోకి కుడికాలు పెట్టాల్సింది ఆలుమగలు. ఈయనకు భార్య లేదు, కుడికాలూ లేదు. అది పోనీ, కర్మ జరిగిన మనిషి ముందు నడిస్తే, వెనక వచ్చే అధికారి గారు, ప్రెసిడెంటు గారు, అందరూ ఒక ప్రేతం వెనక నడిచినట్టు. నా చేతులమీదుగా ఆ పని జరగదు అన్నాడు. మరి ఆ పురిటినీళ్ళేవో పోసి మళ్ళీ పుట్టించండి అని నేను తలుపు చాటు నుంచి అన్నాను. దానికి తల్లిదండ్రుల స్థానంలో కూర్చునేవాళ్ళు కావాలట. ఎవరు కూర్చుంటారు? అన్న కూర్చోడు. ఊళ్ళో ఎవరూ కూర్చోరు. అప్పుడు చిన్నమామ గొంతు సవరించుకుని, మేమిద్దరం పాలు పొంగిస్తాంలే అన్నయ్యా, ఊరి పరువు గదా అన్నాడు. ఎంత పెద్దమనసు!

మర్నాడు ఆవు ముందు నడిచింది. వెనక చిన్నమామ, చిన్నత్త కొంగుముడి వేసుకుని పడవచెక్క గడప దాటారు. పాలు పొంగాయి. గుమ్మం పైన 'మాజీ సైనికుని గృహం' అని చెక్కిన రాయికి అధికారి పూలు చల్లాడు. ఇల్లు ఎవరిదో ఆయన మాత్రం దండ వేసుకుని వాకిట్లో, పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఫోటో కోసం గుమ్మం ముందుకు పిలిచారు. లోపలికి అడుగు వెయ్యబోతే పంతులు చెయ్యి అడ్డం పెట్టాడు. అక్కడే, అక్కడే, అని ఫోటో ఆయనా అన్నాడు. గడపకు ఇవతల నిలబెట్టి ఫోటో తీశారు. చాలాకాలం మా మామ గదిలో గోడకు వుండేది ఆ ఫోటో. అధికారి కారు దుమ్ము అణగకముందే పందిరి విప్పేశారు.

పాలు పొంగించినవాళ్ళు కొత్త ఇంట్లో మూడు నిద్రలు చెయ్యాలి. అది ఆచారం. చిన్నమామ చాప, దిండు పట్టుకుపోయాడు. మూడు నిద్రలూ అయ్యాయి. పెట్టె వెళ్ళింది. తర్వాత కుంపటి, ఆ తర్వాత రోలు. కోతలు అయ్యాక మొలకొలుకుల వడ్ల బస్తాలు అక్కడికే తోలించాడు. పంట ఇల్లు చేరాక మధ్యలో కదిలించకూడదట. ధాన్యం అమ్మాక తీస్తాం అన్నారు. అమ్మాక శుక్రమూఢం వచ్చింది. మూఢంలో ఇల్లు మారకూడదు. మూఢం పోయాక ఆషాఢం. ఆషాఢం పోయాక ఇంకేదో. మంచి పని చెయ్యడానికి ముహూర్తాలు కావాలిగానీ ఒకడి ఇల్లు నొల్లుకోవడానికి ఏ తిథయినా పనికొస్తుంది కాబోలు.

పోయినోడు చలివేంద్రం పాకలోనే వున్నాడు. రోజూ పొద్దున ఆ ఇంటి వాకిలి చీపురు పెట్టి ఊడ్చేవాడు. కడుపు మండి, ఎందుకన్నా ఊడుస్తావు, లోపలికి పోయి వాళ్ళ సామాను బయట పారెయ్యి అన్నాను.

"మిలిటరీలో గూడా ఇంతేనమ్మా. ఆర్డరు వచ్చేదాకా నిలబడాల. వస్తాదిలే," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మామను అడిగాను. భోజనం చేసి తమలపాకులు నములుతున్నాడు. ఇల్లు యాడికి పోతుందమ్మా, ఆయన ఇల్లే గదా, గుమ్మం మీద రాయి కూడా పెట్టినాం గదా అన్నాడు. చాలా ప్రేమగా అన్నాడు. మా ఆయన్ని అడిగితే, ఇంట్లో గొడవలు నీకెందుకు అన్నాడు. కుక్కిన పేనులాగా పడివుండడం ఆయన పుట్టినింటి నుంచే నేర్చుకున్నాడు. నన్నూ నేర్చుకోమనేవాడు.

ఇట్లా రెండేళ్ళు సాగింది. ఎండాకాలాలు వచ్చాయి, కుండలు వచ్చాయి, ఆయన సరుగుడు తోటలకు పోయాడు, తిరిగొచ్చాడు. ఇల్లు ఎవరిదన్న మాట ఊళ్ళో పాతబడింది. 'ప్రెసిడెంటు తమ్ముడి ఇల్లు' అనడం మొదలుపెట్టారు. రాయి మీద సున్నం కొట్టారు, అక్షరాలు పూడిపోయాయి.

ఆ ఏడు కార్తీకంలో పెద్ద తుఫాను పట్టింది. చిన్నత్త ఆ ఇంట్లోనే మగబిడ్డను కన్నది. ఇరవయ్యొకటో రోజు అక్కడే బారసాల చెయ్యాలని పెట్టుకున్నారు. దానికి ముందురోజు పొద్దున, వాన కాస్త తెరిపి ఇచ్చాక, ఒక పాలేరు పరిగెత్తుకొచ్చి పోయినోడు పోయినాడమ్మా అన్నాడు. మా అత్త, ఎప్పుడో పోయినాడు గదరా అంది. ఆమె వేళాకోళానికి అనలేదు. అలవాటుగా అంది.

నేనూ అత్తా వెళ్ళాం. చలివేంద్రం పాక కప్పు గాలికి లేచిపోయింది, కుండల గుంట నిండా బురదనీళ్ళు. తడిసి వణుకుతూ సాయంత్రం ఆయన ఆ ఇంటి వసారాలోకి చేరి తలుపు కొట్టాడట. ఈ సంగతి చిన్నత్తే చెప్పింది, పసివాడికి సాంబ్రాణి పొగ వేస్తూ.

"బాలింత ఉండే ఇంట్లోకి పోయినోణ్ణి ఎట్టా రానిస్తాం? కొట్టి కొట్టి ఊరుకున్నాడు."

ఊరుకున్నాడట. తెల్లారేసరికి చల్లబడిపోయి వున్నాడు. తల గడప మీద ఆనించి పడుకున్నాడని మొదట చూసిన పాలేరు చెప్పాడు. మేం పోయేసరికి ఆయన వాకిట్లో బురదలో వున్నాడు. చిన్నమామ ఆయనకున్న ఒక్క కాలూ పట్టుకుని వసారా దాటించి బయటికి లాగేశాడు. లాగిన జాడ ఇంకా వుంది, గడప నుంచి వాకిలి దాకా.

మా మామ వెంట పంతులు పంచాంగం పట్టుకుని వచ్చాడు. శతభిషా నక్షత్రం. ధనిష్ఠా పంచకంలో చావు. ఆ నక్షత్రాల్లో ఎవరైనా పోతే, పోయిన ఇంటిని పాడుపెట్టాలి. అంటే అందరూ ఖాళీ చేసి, వాకిలికి ముళ్ళకంప కొట్టి, నెలల తరబడి దీపం లేకుండా వదిలెయ్యాలి. మా వైపు దానికి భయపడనివాళ్ళు లేరు. చిన్నమామ ముఖం పాలిపోయింది. రేపు బారసాల, లోపల పసిబిడ్డ. తల గడప మీద వుందా, గడపకు బయట వుందా అని పంతులు అడిగాడు. బయటే, బయటే అన్నాడు చిన్నమామ. పాలేరు నోరు తెరవబోయి మా మామ వైపు చూసి మూసుకున్నాడు. వసారా కూడా ఇంట్లో భాగమే గదా అని పంతులు ఇంకా నసుగుతూనే వున్నాడు.

అప్పుడు చిన్నమామకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"అసలు పోయినోడు మళ్ళీ పోవడమేంది సామీ? ఆయనకి కర్మ ఎప్పుడో అయిపోయింది. ఒక మనిషికి రెండు చావులు యాడన్నా ఉండాయా?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాలెం నుంచి అన్నను పిలిపించారు. ఆయన వాకిట్లోకి రాకుండానే, తమ్ముడి వైపు చూడకుండానే చెప్పాడు.

"మేం అప్పుడే చేసినామయ్యా. కాకి గూడా ముట్టింది."

పంతులు పంచాంగం మూసేశాడు. ఆ మూత శబ్దం నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ చనిపోలేదని మా వూరి పెద్దలంతా కలిసి తేల్చారు. చావు లేదు గనక నక్షత్రం లేదు, మైల లేదు, కర్మ లేదు, ఇల్లు పాడుపెట్టేది లేదు. బతికినంతకాలం చచ్చాడని గడప తొక్కనివ్వలేదు. చచ్చాక, చావలేదని గడప కాపాడుకున్నారు. ఛీ! మనుషులు ఇంత తెలివైనవాళ్ళని నేను పుట్టింట్లో వున్నన్నాళ్ళూ నాకు తెలియదు.

ఇద్దరు కూలీలు గోనెసంచిలో చుట్టి, సరుగుడు తోటల వెనక ఇసుకలో పూడ్చి వచ్చారు. చిన్నత్త వసారా కడిగించి పేడనీళ్ళు చల్లించింది. మధ్యాహ్నానికి బారసాలకని మా పెద్దింట్లో అరిసెలు మొదలయ్యాయి. కాగుతున్న నెయ్యి వాసన వాకిలి దాకా వచ్చింది. ఆ వాసనకు నేను వాంతి చేసుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో నేను అరిసెలు వండను. పిల్లలు అడిగితే బజారులో కొనుక్కోమంటాను.

బావి దగ్గర కట్టుబట్టలతో నెత్తిన నీళ్ళు పోసుకున్నాను. ఆ తడిబట్టలతోనే వంటింటి గుమ్మం బయట నిలబడి మా అత్తతో చెప్పాను, నాకు మైల, పది రోజులు పొయ్యి ముట్టను, దీపం పెట్టను, శుభకార్యానికి రాను అని. ఆమె చేతిలో అరిసె పిండి అట్లానే వుండిపోయింది. తర్వాత ఒక పాతచాప తెచ్చి గొడ్లచావడి అరుగు మీద పరిచి వెళ్ళింది.

మర్నాడు పొద్దున సన్నాయి మొదలయ్యే వేళకు మామ గొడ్లచావడి దగ్గరికి వచ్చాడు. పట్టుపంచె, జరీకండువా. ప్రెసిడెంటు ఇంటి కోడలు మైల పట్టి కూర్చుంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? చావే లేదని పెద్దలు తేల్చిన చోట, సొంత ఇంట్లోనే ఒకతె చావు మైలలో కూర్చుంది. కోపం దిగమింగుకుని, నెమ్మదిగానే అడిగాడు.

"నీకేమవుతాడని మైల పట్టినావమ్మా?"

"ఏమీ కాడు మామా. ఒక మనిషి పోయినాడు. ఊళ్ళో ఒక్కరికన్నా మైల లేకపోతే, ఆయన పోయినట్టు ఎట్టా తెలుస్తాది?"

మామ నా వంక చూసి, నేల వంక చూశాడు. గొడ్లు నెమరు వేస్తున్నాయి. కండువా భుజాన సర్దుకుని బారసాలకు వెళ్ళాడు. ఆ పడవచెక్క గడప దాటుకునే లోపలికి పోయుంటాడు.